చిట్టిని చెరువు మకాంకి పంపేముందు

అమ్మా,

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థమయ్యేలా ముందు విషయం క్లుప్తంగా చెప్తాను. చిట్టి రాజోలు దగ్గర మీ పుట్టింట్లో నాన్నగారు పెంచిన నాటు కుక్క, ఆరేళ్ళది. రెండేళ్ళ క్రితం నాన్నగారు పోయారు. అమ్మగారు కాకినాడలో మీ తమ్ముడి ఫ్లాట్‌కి వెళ్ళిపోయారు, ఆ ఇంటికి తాళం పడింది. చిట్టిని మీరు పాలకొల్లులో అత్తారింటికి తెచ్చుకున్నారు. ఇప్పుడు మీకు ఐదో నెల. ఏడో నెలలో సీమంతం చేసి కాకినాడ పంపుతారు. ఆ సీమంతం లోపు కుక్క ఇంట్లో ఉండకూడదని అత్తగారు గట్టిగా అంటున్నారు. రాత్రిళ్ళు మొరుగుతోందని పక్కింటివాళ్ళు రెండుసార్లు వచ్చి చెప్పారు. వేసవి సెలవుల్లో మీ ఆడపడుచు కొడుకు మీద ఒకసారి గుర్రుమంది. మీ ఆయన ఎవరికీ సర్దిచెప్పలేక, ఆకివీడు దగ్గర వాళ్ళ బాబాయిగారి రొయ్యల చెరువు ఉంది కదా, అక్కడికి పంపేద్దాం, హాయిగా తిరుగుతుంది అంటున్నారు. మీరు అడిగింది ఒక్క మాట: "పుట్టబోయే బిడ్డ కంటే కుక్కే ఎక్కువా అని అందరూ అంటున్నారు, నేను నిజంగానే తప్పు చేస్తున్నానా?"

లేదమ్మా. నేను ఉభయ గోదావరి జిల్లాల్లో 30 ఏళ్ళకు పైగా పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యాను. ఈ మాట అడుగుతూ ఏడ్చినవాళ్ళని చాలామందిని చూశాను. బిడ్డా కుక్కా అని త్రాసులో పెట్టి అడగడమే అన్యాయం. మీకు ఎదురుగా ఉన్నవి మూడు నాలుగు విడివిడి సమస్యలు. వాటన్నిటినీ ఒక్క మూటలో కట్టి చిట్టి మెడకి తగిలించారు. ఒక్కోటి విప్పి చూస్తే చాలా మటుకు పనితో తీరేవే. మిగిలేది మనుషుల మధ్య మాట. అది చిట్టి వెళ్ళిపోయినా అలాగే ఉంటుంది.

ముందు చెరువు సంగతి చెప్పనివ్వండి, అన్నిటికంటే తొందరగా జరిగిపోయేది అదే కాబట్టి.

మన వైపు ఇంట్లో వద్దనుకున్న కుక్కకి చెరువు మకాం, అంటే గట్టు మీద కాపలావాళ్ళు ఉండే చోటు, ఒక ఆనవాయితీ అయిపోయింది. పూర్వం మామిడితోటకో కొబ్బరితోటకో పంపేవాళ్ళు, ఇప్పుడు చెరువుకి. చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే చెప్తారు. చాలా ఏళ్ళ క్రితం భీమవరంలో ఒక కుటుంబానికి నేనే చెప్పాను. వాళ్ళ లాబ్రడార్ పేరు టామీ. ఇల్లు మారుతున్నారు, కొత్త ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. తెలిసినవాళ్ళ చెరువు ఉంది, పంపమంటారా అని అడిగితే, పంపండి, గట్ల మీద తిరుగుతుంది అన్నాను. నా దగ్గర ఆ రోజు ఓపీ నిండా గేదెలున్నాయి. రెండో ఆలోచన చెయ్యలేదు.

ఏడెనిమిది నెలల తర్వాత పక్క మకాంలో గేదె ఈనలేక అవస్థ పడుతుంటే వెళ్ళాను. పని అయ్యాక చేతులు కడుక్కుంటుంటే జనరేటరు షెడ్డు పక్కన ఒక కుక్క కనిపించింది. వల కట్టే నీలం నైలాన్ తాడుతో తాటి దుంగకి కట్టేసి ఉంది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. కాపలా మనిషిని దీని పేరేంటి అంటే, తెలీదండి, రొయ్యల పట్టుబడి అయ్యాక పాతతను వెళ్ళిపోయాడు, నేనొచ్చేసరికే ఉంది, ఏయ్ అని పిలుస్తాం అన్నాడు. నాకు ఎందుకో అనుమానమొచ్చి "టామీ" అన్నాను. ముందు చెవులు కదిలాయి. తర్వాత లేచి నిలబడింది. నేను దగ్గరికి వెళ్ళి కూర్చుంటే, కుడి కాలు ఎత్తి నా చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో పిల్లలు నేర్పిన షేక్‌హ్యాండ్ అది. తాడు మెడ చర్మంలోకి దిగిపోయి, చుట్టూ పుండు పడి, పురుగులు పట్టి ఉన్నాయి. తాడు కత్తిరించి, ఫోర్సెప్స్‌తో ఆ పురుగులు తీస్తున్నంతసేపూ ఆ కాలు నా మోకాలి మీద నుంచి తియ్యలేదు.

భీమవరం ఫోన్ చేశాను. వాళ్ళకి ఏమీ తెలియదు, బాగానే ఉందనుకుంటున్నారు. ఆ సాయంత్రమే వచ్చి తీసుకెళ్ళారు. పుండు మానడానికి నెలన్నర పట్టింది. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. అందులో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, చెరువుగలాయన కూడా మంచివాడే. ఆయన ఉండేది ఊళ్ళో. కుక్క ఉండేది కాపలా మనిషి దగ్గర, ఆ మనిషి పంటపంటకీ మారతాడు. చెరువు దగ్గర కుక్కంటే దొంగల్ని మొరగాలి, నీటికాకుల్ని తోలాలి. అక్కడే పుట్టి పెరిగిన కుక్కలు ఆ పని బాగానే చేసుకుంటాయి, పాముకి ఎక్కడ పక్కకి తప్పుకోవాలో కూడా వాటికి తెలుసు. ఆరేళ్ళు ఇంట్లో పెరుగన్నం తిని మంచం కింద పడుకున్న కుక్కకి అవేమీ తెలియవు. గట్టు మీద కట్లపాము కరిస్తే తెల్లారేదాకా చూసేవాడు ఉండడు. టీకా వేయించేవాడు ఉండడు. అందుకే "హాయిగా తిరుగుతుంది" అన్న మాట ఎవరు అన్నా ఒక్క ప్రశ్న అడగండి: అక్కడ దానికి రోజూ అన్నం పెట్టే మనిషి పేరేంటి? మీ ఆయన ఆ పేరు చెప్పలేకపోతే ఆ మాట అక్కడితో ఆపెయ్యొచ్చు.

ఇక గర్భం, కుక్క. ఇక్కడ భయాలు చాలా, అందులో నిజమైనవి కొన్నే. ఆ కొన్నిటినీ మాత్రం గట్టిగా పట్టించుకోవాలి.

కుక్క వెంట్రుక కడుపులోకి పోయి బిడ్డకి చుట్టుకుంటుందని మీ అత్తగారికి ఎవరో చెప్పారని రాశారు. మింగిన వెంట్రుక వెళ్ళేది జీర్ణాశయంలోకి. గర్భసంచికి ఆ దారి లేదు. టాక్సోప్లాస్మా అని ఇంకొకరు చెప్పారన్నారు. గర్భిణులు జాగ్రత్త పడాల్సిన జబ్బే అది, కానీ ఆ క్రిమి గుడ్లు బయటికొచ్చేది పిల్లి మలంలో. సరిగ్గా ఉడకని మాంసం వల్ల కూడా వస్తుంది. కుక్క మలంలో ఆ గుడ్లు రావు. మీ ఇంటి చుట్టూ పిల్లులు తిరుగుతుంటే మట్టి పని చేశాక చేతులు కడుక్కోండి. చిట్టికి దానితో సంబంధం లేదు.

చిట్టి వైపు నుంచి నేను నిజంగా చూసేవి నాలుగు. మొదటిది రేబిస్ టీకా. కుక్కపిల్లకి మూడో నెలలో మొదలుపెట్టి, తర్వాత ఏటేటా వేయించాలి. మీరు టీకాలు వేయించానన్నారు కానీ ఆఖరుది ఎప్పుడో రాయలేదు. ఏడాది దాటితే ఈ వారమే వేయించండి. ఏటా జూలై 6న, ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల) దినం నాడు, పశువుల ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున పాశ్చర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మొదటిసారి ఒక పిల్లాడికి రేబిస్ టీకా ఇచ్చాడు, అందుకే ఆ తేదీ. ఆ రోజు కోసం ఆగక్కర్లేదు, మామూలు రోజుల్లో వేయించినా పెద్ద ఖర్చేం కాదు.

రెండోది నట్టల మందు, మూడు నెలలకోసారి. కుక్క మలంలో వచ్చే నులిపురుగు గుడ్లు పాకే పిల్లలకి మంచివి కావు. వాటిలో మనకి అనుకూలమైన సంగతి ఒకటుంది. తాజా మలంలోని గుడ్డు వెంటనే అంటుకోదు, మట్టిలో 2 నుంచి 4 వారాలు ఉంటేనే అంటే స్థితికి వస్తుంది. అంటే పెరట్లో ఏ రోజుది ఆ రోజు ఎత్తేస్తే సగం భయం పోయినట్టే. ఆ పని మీరు చెయ్యకండి, ఈ నెలల్లో మీ ఆయన చెయ్యాలి.

మూడోది పిడుదులు. మన ఉక్కలో ఏడాది పొడుగునా ఉంటాయి. వేసవిలో చెవుల లోపల, వేళ్ళ సందుల్లో చూడాలి. నెలనెలా డాక్టరు చెప్పిన చుక్కల మందో మాత్రో వాడితే సరిపోతుంది.

నాలుగోది మన డెల్టాకి ప్రత్యేకం, ఎలుక జ్వరం. లెప్టోస్పైరోసిస్ అంటారు. వరిచేలల్లో, కాలువ గట్ల మీద ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వస్తుంది, కుక్కకీ వస్తుంది, మనిషికీ వస్తుంది. కుక్కలకి ఏటా వేసే కలిపిన టీకాలో దీనికి కూడా ఉంటుంది. రేబిస్ టీకా వేయించాం కదా అని చాలామంది దీన్ని వదిలేస్తారు. చిట్టి కార్డులో ఉందో లేదో చూడండి.

ఈ నాలుగూ చేయించి, కార్డు తెచ్చి అత్తగారి ముందు పెట్టండి. ఆవిడ చదవకపోయినా పర్వాలేదు. భయానికి జవాబుగా ఇంట్లో ఒక పని జరిగిందని ఆవిడకి కనిపించాలి.

అలెర్జీ మాట వేరు. అది పుట్టాక గాని తెలియదు. వచ్చేది వెంట్రుక వల్ల కాదు, కుక్క చర్మం పొట్టు, లాలాజలంలో ఉండే ప్రొటీన్ల వల్ల. బిడ్డకి పిల్లికూతలు, ఆయాసం మొదలైతే పిల్లల డాక్టరు పరీక్ష చేయించి చెప్తారు. అప్పుడు ఆలోచిద్దాం. రాని జబ్బుకి ఇవాళే శిక్ష వెయ్యకండి.

ఇప్పుడు గుర్రుమన్న సంగతి. దీన్ని మీరు తేలిగ్గా రాశారు, నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో ఎక్కువ ఆలోచించాల్సింది ఇదే అనిపించింది.

ఏం జరిగిందో మీ మాటల్లోనే: చిట్టి చేప తలకాయ తింటోంది, ఐదేళ్ళ పిల్లాడు వెనకనుంచి తోక పట్టి లాగాడు, చిట్టి తల తిప్పి గుర్రుమంది, పిల్లాడు ఏడ్చాడు, అందరూ చిట్టిని కొట్టారు. కరవలేదు. పళ్ళు తగల్లేదు. అమ్మా, గుర్రుమనడం కుక్క మాట. "ఇంక దగ్గరికి రావద్దు" అని చెప్పే మర్యాద అది. ఆ మర్యాద తెలిసిన కుక్క మీద నాకు నమ్మకం ఎక్కువ. గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం లోపల అలాగే ఉంటుంది. అలాంటి కుక్క ఈసారి చెప్పకుండా కరుస్తుంది. నా దగ్గరికి వచ్చిన కాటు కేసుల్లో "ఎప్పుడూ ఏమీ అనేది కాదండి, ఒక్కసారిగా కరిచేసింది" అన్నవాళ్ళని నేను మెల్లగా అడుగుతూ పోతే, ఎప్పుడో గుర్రుమంటే కొట్టి మాన్పించాం అని బయటికొచ్చేది.

కాబట్టి ఇంట్లో అందరికీ మూడు మాటలు ఇవాళే చెప్పండి. తినేటప్పుడు, పడుకున్నప్పుడు చిట్టి జోలికి ఎవరూ వెళ్ళకూడదు. గుర్రుమంటే కొట్టకూడదు, పిల్లాడిని పక్కకి తియ్యాలి. చిన్నపిల్లల్ని కుక్క దగ్గర ఒంటరిగా, ఒక్క నిమిషం కూడా వదలకూడదు. ఈ ఆఖరుది మీ బిడ్డ బడికి వెళ్ళే వయసు వచ్చేదాకా పాటించాలి. ఎంత మంచి కుక్కైనా సరే, మా ఇంట్లో కుక్కైనా సరే. గ్యాస్ పొయ్యి దగ్గర పిల్లల్ని ఎలా వదలమో అలాగే.

బిడ్డ వచ్చేలోపు చిట్టిని తయారు చెయ్యడానికి మీకు ఇంకా నాలుగు నెలలుంది, అది తక్కువ సమయం కాదు. దాని మంచం కింద చోటు మార్చాలంటే ఇప్పుడే మార్చండి. బిడ్డ వచ్చిన రోజున మారిస్తే ఆ బిడ్డ వల్లే పోయిందనుకుంటుంది. వసారాలో ఒక మూల దానికి ఇచ్చి, నాన్నగారి పాత పంచె ఉంటే అది పరిచి, అన్నం అక్కడే పెట్టండి. పసిపిల్లల ఏడుపు ఫోనులో చిన్న శబ్దంతో పెట్టి, అదే సమయంలో దానికి ఇష్టమైనది ఏదో ఒకటి పెట్టండి. వారానికి కాస్త శబ్దం పెంచండి. పురుడయ్యాక ఆసుపత్రిలో బిడ్డకి చుట్టిన గుడ్డ ఒకటి ఉతక్కుండా తెచ్చి వాసన చూపించాలి. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు బిడ్డని వేరేవాళ్ళు ఎత్తుకోవాలి, మీరు ఖాళీ చేతులతో లోపలికి రావాలి. అన్ని నెలల తర్వాత అది మిమ్మల్ని చూసి గెంతుతుంది కదా, ఆ గెంతులేవో అయిపోనివ్వండి. తర్వాత తాడు పట్టుకుని, దూరంగా కూర్చుని బిడ్డని చూపించండి.

పక్కింటి సంగతి. కుక్క రాత్రంతా ఊరికే మొరగదు. నాకు రెండు అనుమానాలు. పగలంతా కట్టేసి ఉంచుతున్నాం అన్నారు. రాజోల్లో తోటంతా తిరిగిన కుక్క గొలుసు మీద 12 గంటలుంటే రాత్రి గేటు కింద నుంచి కనిపించిన ప్రతి నీడకీ మొరుగుతుంది. పొద్దున్నే ఎండెక్కకముందు అరగంట, సాయంత్రం అరగంట కాలువ గట్టు మీద తిప్పండి, మీ ఆయనో మనిషిని పెట్టో. సిమెంటు రోడ్డు మీద అరచేతి వెనక వైపు ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలకి కూడా అంతే కాలుతుంది, ఆ వేళ తిప్పకండి. గేటు కింద సందుకి రేకు కొట్టించండి. రాత్రి వసారా లోపల పడుకోబెట్టండి. ఇంకో మాట, కుక్కని ఎప్పుడూ కట్టేసి ఉంచి తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరమే. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఎప్పుడూ కట్టేసి ఉన్న కుక్క బాధ ఏమిటో చట్టం రాసినవాళ్ళకి కూడా తెలుసని చెప్తున్నాను.

రెండో అనుమానం: చిట్టికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా? ఆడకుక్క ఎదకొచ్చిన రోజుల్లో వీధిలో మగకుక్కలన్నీ గేటు దగ్గర చేరతాయి, రాత్రంతా గోల. పక్కింటివాళ్ళు వచ్చిన తేదీలు గుర్తు చేసుకోండి. ఆ రోజులతో కలిస్తే ఆపరేషన్‌తో ఆ గోల పోతుంది. ఆపరేషన్ అయ్యాక ఒక పళ్ళెంలో పూతరేకులు పెట్టుకుని పక్కింటికి వెళ్ళి, ఇబ్బంది పెట్టాం, ఇదిగో ఇది చేయించాం, నెల రోజులు చూసి చెప్పండి అనండి. మన ఊళ్ళల్లో మనిషి గడప తొక్కి చెప్పిన మాటకి చాలా విలువ ఉంది.

అత్తగారి విషయం చివరికి ఉంచాను, ఎందుకంటే అది చిట్టి విషయం కాకపోవచ్చు. ఆవిడ వయసువాళ్ళకి కుక్క అంటే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004 ఆఖర్లో ఆపేశారు. ఇప్పుడు చేతికి వేసే టీకా, ప్రభుత్వాసుపత్రిలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు. కరిచిన చోట ముందు సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగడం మాత్రం అప్పటికీ ఇప్పటికీ తప్పనిసరి. ఆవిడ చిన్నప్పుడు ఊళ్ళో ఎవరైనా రేబిస్‌తో పోవడం చూశారేమో అడగండి. చూసినవాళ్ళు జీవితంలో మర్చిపోలేరు. నేను చూశాను, నేనూ మర్చిపోలేదు. అలాంటి భయాన్ని "మీకేం తెలీదు అత్తయ్యగారూ" అని తీసిపారేస్తే ఇంక ఆవిడ మీ మాట ఎప్పటికీ వినరు.

ఆవిడకి మడి ఉంది, దేవుడి గది, వంటగది ఉన్నాయి. ఆ రెండు గదుల్లోకి చిట్టి అడుగుపెట్టదని మాటివ్వండి, గుమ్మానికి అడ్డు పెట్టించండి, ఆ మాట నిలబెట్టండి. అది ఆవిడ ఇల్లు కూడా. ఇవన్నీ చేశాక కూడా వద్దంటే, అప్పుడు మాట్లాడాల్సింది మీ ఆయన. ఆయన తల్లితో ఆయనే, మీరు పక్కన లేకుండా. "అది వాళ్ళ నాన్నగారి కుక్క అమ్మా, ఆయన పోయాక దానికి మిగిలింది ఈ అమ్మాయే" అని కొడుకు నోటి నుంచి వస్తే వినబడే తీరు వేరు. మీరు ఏడుస్తూ చెప్తే గర్భంతో ఉంది, ఏదో అంటోంది అనుకుంటారు.

ఇంతవరకూ ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. ఏడో నెలలో మీరు కాకినాడ వెళ్తారు. మళ్ళీ వచ్చేది బిడ్డకి మూడో నెలో ఐదో నెలో పడ్డాక. అంటే సుమారు ఆరేడు నెలలు చిట్టి మీరు లేని ఇంట్లో ఉంటుంది. నేను చూసినంతలో ఇళ్ళల్లోంచి కుక్కలు మాయమయ్యేది ఎక్కువగా ఈ పురిటి నెలల్లోనే. ఫోను చేసి అడిగితే బాగానే ఉంది అంటారు, వచ్చి చూస్తే ఉండదు, తాడు తెంపుకుని పోయింది అంటారు. 2022 జూలైలో గోదారికి వరదొచ్చి, ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక దాటాక, పి.గన్నవరం వైపు లంకల్లో పశువులకి మేత, మందులు తీసుకుని పడవల్లో తిరిగాను. పునరావాస కేంద్రాలకి వెళ్ళిపోయిన మనుషుల కోసం డాబాల మీద, పెంకుటిళ్ళ కప్పుల మీద కుక్కలు కూర్చుని ఉన్నాయి. మేం పడవలో ఎక్కించుకుందామంటే రాలేదు. అవి చూస్తున్నది వాళ్ళవాళ్ళు వెళ్ళిన వైపు. కుక్క మీ కోసం ఎదురు చూస్తుంది. దానికి ఆరు నెలలని చెప్పడం కుదరదు.

అందుకని వీలైతే చిట్టిని మీతో కాకినాడ తీసుకెళ్ళండి. మీ తమ్ముడి అపార్టుమెంటులో కుక్కలు పెంచకూడదని అసోసియేషన్ తీర్మానం ఉందన్నారు. అలా నిషేధించే అధికారం అసోసియేషన్లకి లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. మెజారిటీ ఓటుతో చేసినా చెల్లదు. లిఫ్టు వాడొద్దని కూడా అనకూడదు. శుభ్రత పాటించమని, తాడు పట్టుకోమని అడగొచ్చు, అది న్యాయమే. ఆ కాగితం ప్రింటు తీసి, చిట్టి టీకా కార్డు జతచేసి, మీ తమ్ముడిని ముందుగా సెక్రటరీగారి దగ్గరికి మర్యాదగా వెళ్ళి మాట్లాడమనండి. గొడవకి దిగొద్దు. రేపు బిడ్డకి బాలేక అర్ధరాత్రి లిఫ్టు దగ్గర సాయం అడగాల్సింది వాళ్ళనే.

తీసుకెళ్ళడం కుదరకపోతే, పాలకొల్లులో చిట్టి బాధ్యత ఒక మనిషి పేరు మీద ఉండాలి. మీ ఆయనైతే మంచిది. రోజూ రాత్రి వీడియో కాల్‌లో చిట్టిని చూపించాలని ముందే మాట తీసుకోండి.

ఇవన్నీ చేసినా కుక్కని ఇవ్వాల్సిన పరిస్థితులు నిజంగా ఉంటాయి. ఎవరూ ఏమీ చెయ్యకుండా పదేపదే కరిచి గాయం చేస్తున్న కుక్క, బిడ్డకి డాక్టరు తేల్చిన ఆస్తమా, చూసుకునే మనిషే లేని ఇల్లు. అలాంటప్పుడు ఇచ్చినవాళ్ళని నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. మీది ఇవాళ ఆ పరిస్థితి కాదు. ఒకవేళ రేపు వస్తే, మీ చేత్తో మీరే ఇవ్వండి, వేరేవాళ్ళని తీసుకెళ్ళి వదలనివ్వకండి. ముందు ఆపరేషన్ చేయించండి, లేకపోతే కుక్కపిల్లల్ని పుట్టించడం కోసం తీసుకునేవాళ్ళు వస్తారు. చోటు చూడకండి, మనిషిని చూడండి. ఆ ఇంటికి రెండుసార్లు వెళ్ళండి, ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటున్నారో వినండి. పదిహేను రోజులు చూసి కుదరకపోతే మాకే తిరిగివ్వాలని కాగితం మీద రాయించుకోండి. దాని పంచె, గిన్నె, కార్డు, అది ఏ మాటకి పలుకుతుందో, ఏ శబ్దానికి భయపడుతుందో అన్నీ రాసిచ్చి రండి. ఏటా టీకా ఖర్చు మేం ఇస్తాం అని చెప్తే, ఆ వంకతో ఏడాదికోసారి చూసి రావచ్చు. సంతలోనో గుడి దగ్గరో కాలువ అవతలో వదిలేద్దామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. తిండీ నీళ్ళూ దొరకని చోట జంతువుని వదిలెయ్యడం ఇందాక చెప్పిన చట్టం కిందే నేరం. జరిమానా చాలా తక్కువ, కానీ అక్కడి కుక్కలు కొత్త కుక్కని బతకనివ్వవు.

ఒకటి మీరు రాయలేదు, నేను ఊహిస్తున్నాను, తప్పైతే క్షమించండి. నాన్నగారి చేతిమీద పెరిగిన ప్రాణి ఇప్పుడు అదొక్కటే మిగిలింది. అందుకే చిట్టిని పంపెయ్యమంటే మీకు రెండోసారి ఆయన్ని పంపుతున్నట్టుంది. ఆ మాట మీ ఆయనకి చెప్పారా? చెప్పకపోతే ఇవాళ రాత్రి చెప్పండి. చాలామంది మగవాళ్ళకి చెప్పేదాకా తెలియదు.

కాకినాడ తీసుకెళ్ళే రోజున కారులో ఒక్క జాగ్రత్త. చించినాడ వంతెన దాటి రాజోలు, అమలాపురం మీదుగానే కదా దారి. మీ ఊరి మలుపు దగ్గరికి రాగానే చిట్టికి గాలిలో తెలిసిపోతుంది, లేచి కిటికీకి ముక్కు ఆనిస్తుంది. తాళం వేసిన ఇంటి ముందు ఆ రోజు బండి ఆపకండి. దిగితే మళ్ళీ ఎక్కదు, మీరు కూడా ఎక్కలేరు. మెడ మీద చెయ్యి వేసి ఉంచి ముందుకి వెళ్ళిపోండి. బాలెంతరాలు అయ్యాక, బిడ్డని ఎత్తుకుని వచ్చేటప్పుడు ఆపుదురుగాని.

చిట్టి టీకా కార్డు రెండు వైపులా ఫోటో తీసి పెట్టండి. తేదీలు చూసి ఏది ముందు వేయించాలో చెప్తాను.